ముప్పై పౌన్ల చేప

ఆర్విడ్ గాలాల దుకాణం ముందు గోడకు ఒక నల్లపలక వేలాడుతూ ఉండేది. వేసవి తలుపు తట్టిన నాటి నుంచి ఆకు రాలే దాకా ప్రతి ఉదయమూ తోరా నైగార్డ్ వచ్చి, తడిగుడ్డతో నిన్నటి రాత తుడిచి, ఆ రోజు రాత రాసేది.

"గాలి వాయవ్యం, మెల్లన. తొమ్మిదింటికి పోటు నిండుతుంది. నిన్న మొగలో నాలుగు చేపలు, పెద్దది ఇరవై ఆరు పౌన్లు. నీరు తేటగా ఉంది కనుక ఇత్తడి చెంచా వద్దు, నీలిగీత ఉన్న తెల్లచెంచా కట్టండి. సీసం నాలుగు ఔన్సులు. తొందర వద్దు."

చివరి రెండు మాటలూ పదకొండేళ్ళుగా మారలేదు. గాలం వేసేవారికి అదొక మెలకువ అని ఊరంతా అనుకునేది. ఆ మాటలు ఏ ఉదయాన మొదలయ్యాయో, ఎందుకు మొదలయ్యాయో రాసిన చేతికి తప్ప ఎవరికీ తెలియదు.

మారెన్ నది సముద్రంలో కలిసే ఆ మొగలో, మహాసముద్రమంతా తిరిగి వచ్చిన సాల్మన్ చేపలు పుట్టినచోటికి ఎక్కిపోయే ముందు కొన్నాళ్ళు ఆగుతాయి. కొండల్లో వాన పడి నదినీటికి మట్టివాసన వచ్చేవరకు వాటి నిరీక్షణ సాగుతుంది. ఆ నీటిలో ఇంజన్ల చప్పుడు వినిపించకూడదు. తెడ్డుతోనే తిరగాలి. సన్నదారం, ఎరగా మెరిసే లోహపు చెంచా, దానికి ఒక్కటే కొక్కెం, ఆ కొక్కేనికి చేప జారకుండా పట్టే ఎదురుముల్లు ఉండకూడదు. ఇంత తేలికైన సరంజామాతో ముప్పై పౌన్లకు తక్కువకాని చేపను పట్టినవాడికి తూకపు గుడిసెలో గంట మోగుతుంది. ఈ నియమాలు ఎవరు పెట్టారో ఊరు మరిచిపోయింది. తప్పినవాడి పేరు మాత్రం మూడు తరాలు గుర్తు పెట్టుకుంటుంది.

మరో కట్టుబాటు ఉంది. తెడ్డు పట్టినవారు గాలపు గెడ పట్టరు. తోరా ఇరవై రెండో ఏట తండ్రి దేవదారు పడవలో కూర్చుని తెడ్డు అందుకుంది. ఇప్పుడామెకు అరవై ఒకటి. ఈ ముప్పై తొమ్మిదేళ్ళలో ఆమె నడిపిన పడవలకు పదకొండుసార్లు గంట మోగింది. ఒక్కసారీ గెడ ఆమె చేతికి రాలేదు, ఆమె అడగనూ లేదు. చెంచా నీటిలో కొట్టుకునే లయను నిర్ణయించేది తెడ్డు. ఆ లయ దారం వెంట పాకి వచ్చి అరచేతిలో పలికేది గెడ పట్టినవాడికి. పుట్టించేది ఒకరు, వినేది ఇంకొకరు.

పందొమ్మిదేళ్ళుగా ఆ లయను వింటూ వచ్చినవాడు కొర్నీలియస్ వీబ్, రెండు రోజుల ప్రయాణం అవతలి గోధుమనేల రైతు. భార్య పోయిన మరుసటి ఏడు మొదటిసారి వచ్చాడు. సముద్రాన్ని చూడడం ఆయనకు అదే మొదలు. అప్పటినుంచి ప్రతి ఆగస్టు పద్ధెనిమిదిన బస్సు దిగి, కోతలు మొదలయ్యేలోగా ఇరవై ఏడున ఎక్కిపోయేవాడు. పడవలో ఆయన వెనుకబల్ల మీద, ఆమె నడిమిబల్ల మీద, నాలుగడుగుల దూరంలో ఎదురెదురుగా కూర్చునేవారు. తెడ్డు వేసేవారు వెనక్కి తిరిగే కూర్చోవాలి కదా. ఆ నాలుగడుగుల అవతలి ముఖాన్ని చూడడానికి ఆమెకు వేరే సాకు అక్కరలేకపోయింది.

"పంట పండే ముందు చేనుకొక వాసనొస్తుందండీ," అన్నాడొకసారి. "చెబితే తెలిసేది కాదు."

"చెప్పండి. తెలిసినంత తెలుస్తుంది."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "కొత్త రొట్టె ఇంకా పిండిగా ఉన్నప్పుడు, అది రొట్టె కావాలని అనుకుంటుంది చూడండి, అట్లా."

ఆమె నవ్వకుండా తల ఊపింది. ఆ శీతకాలమంతా రొట్టె పిసికినప్పుడల్లా ఆగి వాసన చూసేది.

మొదటి ఏడే ఆయన మరో మాట అన్నాడు. "ముప్పై పౌన్ల చేప పడిన రోజు ఇంక రానండి. మొక్కు తీరినవాడు గుమ్మంలో నిలబడకూడదనేవాడు మా నాన్న. వెనకవాళ్ళకు అడ్డం కదా." అది హాస్యానికన్నాడో, నిజంగానే అన్నాడో ఆమె అడగలేదు. వరం కోరిన వారి కథలు పురాణాల నిండా ఉన్నాయి. వరం ఇవ్వవలసిన చేతి కథ మాత్రం ఎవరూ పెద్దగా చెప్పలేదు.

ఆయన వస్తున్న ఎనిమిదో ఏడు ఆ చేప గాలానికి తగిలింది. సముద్రం వైపు రెండువందల గజాలు పరుగెత్తి, హఠాత్తుగా పడవ వైపు తిరిగింది. అలా తిరిగినప్పుడు ఆలోచించడానికి వ్యవధి ఉండదు. తెడ్డు నాలుగుసార్లు గట్టిగా పడాలి, పడవ చేపకు దూరంగా పోవాలి, దారం బిగిసి ఉండాలి. ముల్లు లేని కొక్కెం బిగువుతోనే నిలుస్తుంది. ఆ నాలుగింటిలో మొదటి తెడ్డు ఒక్క ఊపిరి ఆలస్యమైంది. దారం నీటి మీద వంకర తిరిగి తేలింది. చేప పోయింది.

"ఏ సీలుజంతువో తరిమి ఉంటుందిలే," అని ఒడ్డున ఆర్విడ్ ఓదార్చాడు. కొర్నీలియస్ దారం చుట్టుకుంటూ, "వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు. ఆమె మాత్రం ఆ సాయంత్రం తన రెండు చేతులను ఒడిలో పెట్టుకుని పరాయి చేతులను చూసినట్టు చూసుకుంది. అవి అలసి ఆగాయా, కోరి ఆగాయా? మర్నాటి ఉదయం పలక మీద మొదటిసారి "తొందర వద్దు" అని రాసింది.

ఈ ఏడు జూన్‌లో ఆయన ఉత్తరం వచ్చింది. "ఈ పంట కోతలయ్యాక నేలంతా కౌలుకిచ్చేస్తున్నాను. ఆపై కోతల తొందర నాది కాదు. ఈసారీ చేప దొరకకపోతే వచ్చే ఏడు ఆగస్టంతా ఉంటాను. గది సంగతి ఆర్విడ్‌కు చెప్పి ఉంచండి."

ఆగస్టంతా! తొమ్మిది రోజులను సంవత్సరం పొడవునా పొదుపుగా వాడుకున్న మనిషికి ముప్పై ఒక్క రోజులు ఊహకు అందలేదు. ఆమె ఆ ఉత్తరాన్ని గాలాల పెట్టెలో, అడుగున, తండ్రి సుత్తితో కొట్టిచేసిన ఎర్రరాగి చెంచా కింద దాచింది.

పద్ధెనిమిదిన బస్సు దిగిన కొర్నీలియస్‌ను చూసి ఆర్విడ్ దుకాణం లోపలినుంచే కేక వేశాడు.

"రండి వీబ్ గారూ. పందొమ్మిదేళ్ళలో గోధుమ గింజ కూడా మానై ఉండేది. ఈసారైనా చేపను పడతారా, మా తోరా కాఫీ తాగేసి పోతారా?"

"కాఫీ బాగుంటుంది కదండీ."

"బాగుంటుందా? ఆ కాఫీతో నా పడవకు తారు పూయచ్చు."

"నీ త్రాసుకు తుప్పు పట్టకుండా చూసుకో బాబాయీ," అంది తోరా. "అది ముప్పై దాటి చూసి ఎన్నాళ్ళయిందో."

ఎనిమిది రోజులు నీరు తేటగా, ఆకాశం గాజులా ఉండిపోయాయి. పద్నాలుగు, పందొమ్మిది, ఇరవై రెండు పౌన్ల చేపలు పడ్డాయి. ఆయన వాటిని నెమ్మదిగా విడిచిపెట్టాడు. ఇరవై ఐదో తేదీ సాయంత్రం కొండల మీద మేఘం దిగింది. ఇరవై ఆరు తెల్లవారేసరికి నదినీటిలో పలచటి కాఫీ రంగు కనిపించింది.

ఆ ఉదయం పలక ముందు సుద్దముక్క పట్టుకుని తోరా చాలాసేపు నిలబడింది. ఈ నీటిలో పెద్దచేపలు ఈ సాయంత్రం నీరు వెనక్కి తీసే పాటులో ఆఖరిసారి మొగ అంచున తిరిగి, చీకటితో నదిలోకి ఎక్కిపోతాయి. మసకనీటిలో వాటికి కనిపించేది ఎర్రరాగి ఒక్కటే. ఈ సంగతి ఈ ఊళ్ళో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నిన్నటి తెల్లచెంచా మాట తుడవకుండా వదిలేస్తే అబద్ధం రాసినట్టు కూడా కాదు. వదిలేస్తే చాలు. ఆగస్టంతా!

సముద్రం మీది చలి మెడను తాకింది. ఈ పలకను నమ్మి తెల్లవారకముందే లేచి వచ్చే మనుషులున్నారు. తండ్రి మాట గుర్తొచ్చింది: నీటి గురించి అబద్ధమాడినవాడి తెడ్డు తేలదు. ఆమె తడిగుడ్డతో పలకంతా తుడిచింది.

"గాలి లేదు. నీరు మసకబారింది. సాయంత్రం ఆరింటి పాటుకు మొగ అంచున తిరగండి. ఎర్రరాగి చెంచా కట్టండి. సీసం ఆరు ఔన్సులు. దారం అరవై అడుగులు వదలండి."

చివరి రెండు మాటలు రాయలేదు.

సాయంత్రం పడవలో ఆమె పెట్టె తెరిచి, ఉత్తరం మీదినుంచి తండ్రి చెంచా తీసింది. కొక్కేన్ని సానరాతి మీద మూడుసార్లు రాసి, కొనను గోటి మీద ఆనించి చూసింది, అది జారకుండా గుచ్చుకుంది.

"ఇది ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదే," అన్నాడు కొర్నీలియస్.

"నేనెప్పుడూ తీయలేదు."

ఆయన ఆమె ముఖం వైపు ఒక క్షణం చూసి, చెంచాను నీటిలోకి జార్చాడు. తెడ్లు మెల్లగా పడ్డాయి. దూరాన ఆరేడు పడవలు, వాటి మీద ఆ రోజు చివరి వెలుగు. మూడో తిరుగుడులో గెడ విల్లులా వంగింది.

చేప సముద్రం వైపు పరుగెత్తింది. రీలు నుంచి దారం కీచుమంటూ పోయింది. అది చూసి చుట్టూ ఉన్న పడవలన్నీ తమ దారాలు చుట్టుకుని, ఎవరూ చెప్పకుండానే దారి ఇచ్చాయి. రెండువందల గజాల అవతల చేప ఆగింది. తోరా తెడ్ల పిడులు బిగించి పట్టుకుంది. పదకొండేళ్ళుగా కలలో చూస్తున్న క్షణమది. కలలో ఎప్పుడూ ఇక్కడే మెలకువ వచ్చేది.

చేప తిరిగింది.

ఆమె లాగింది. ఒకటి. భుజం కీలు కలుక్కుమంది. రెండు. మూడు. నాలుగు. పడవ ముక్కు లేచి ముందుకు దూకింది. ఎదుటి ముఖం మీదినుంచి ఆమె చూపు తిప్పుకోలేదు. ఆ ముఖానికి తాను చేస్తున్న దానం ఇదే కనుక, చూస్తూనే ఇవ్వాలనుకుంది. దారం వీణతీగలా బిగిసి నీటిబొట్లను చిమ్మింది.

నలభై నిమిషాల తర్వాత ఆమె వలతో చేపను పడవలోకి ఎత్తింది. దాని ఒంటి మీది వెండిమెరుపు ఇంకా సముద్రం ఇచ్చినదే.

తూకపు గుడిసెలో ఆర్విడ్ కళ్ళద్దాలు తుడుచుకుని త్రాసు ముల్లును రెండుసార్లు చూశాడు. ఈసారి హాస్యమాడలేదు. "ముప్పై మూడు పౌన్లు," అని అందరికీ వినబడేలా చదివాడు. "గెడ, కొర్నీలియస్ వీబ్. తెడ్డు, తోరా నైగార్డ్." కొర్నీలియస్ గంటతాడు లాగాడు. ఆ ధ్వని నీటి మీదుగా అవతలి ఒడ్డుదాకా వెళ్ళి, ఎవరినో వెతికినట్టు తిరిగి వచ్చింది.

జనం చెదిరాక ఇద్దరూ గుడిసె మెట్ల మీద కూర్చున్నారు.

"మీకొకటి చెప్పాలి," అంది తోరా. "ఆ ఎనిమిదో ఏడు చేప. సీలు కాదు. నా తెడ్డు ఆగింది."

"తెలుసు."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఎదురుగా కూర్చున్నవాణ్ణి. నాకు కనబడదా?" అన్నాడు కొర్నీలియస్ తన బూట్లకేసి చూస్తూ. "పడవ ఆగినా గెడ ఎత్తితే దారం బిగిసేదండీ. పిల్లలకు కూడా నేర్పే పనే అది. నేనూ ఎత్తలేదు."

తోరా ఒడిలోని చేతులను మళ్ళీ ఒకసారి చూసుకుంది.

"మరి ఇవాళ?" అందామె.

"ఇవాళ మీరు లాగారు. అంతగా లాగినప్పుడు, నేను గెడ దించితే అవమానం కదా." కాసేపాగి అన్నాడు: "రేపు బస్సు పదకొండింటికి. పొద్దున ఖాళీయే. గెడ మీరు పట్టండి. తెడ్డు నేను వేస్తాను."

"తెడ్డు పట్టినవాళ్ళు గెడ పట్టరు."

"రేపు మీరు తెడ్డు పట్టరుగా."

మర్నాటి ఉదయం ఊరు చూడని వింత చూసింది. గోధుమరైతు తెడ్లు వేస్తుంటే పడవ ఒకచోటే గుండ్రంగా తిరిగింది. కుడితెడ్డు లోతుకు పోయేది, ఎడమది గాలిని కొట్టేది.

"చేను దున్నుతున్నారా వీబ్ గారూ!" ఒడ్డునుంచి ఆర్విడ్ అరిచాడు. "నాగటిచాలు ఎక్కడ మొదలైందో అక్కడికే వస్తోంది!"

"విత్తనం మీరు తెండి!" అని ఆయన తిరుగుసమాధానం ఇచ్చాడు.

వెనుకబల్ల మీద, ముప్పై తొమ్మిదేళ్ళలో మొదటిసారి, తోరా గెడ పట్టుకుని కూర్చుంది. చెంచాకు రెండుసార్లు నాచు తగులుకుంది. చేపలు రాత్రే నదిలోకి ఎక్కిపోయాయి, మొగ ఖాళీగా ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆ ఉదయం పలక మీద ఆమే రాసింది. కొంతసేపటికి ఆయనకు చేయి కుదిరింది. తెడ్డు తర్వాత తెడ్డు సమంగా పడింది. అప్పుడు, దారం వెంట, గెడ వెంట, ఆమె అరచేతిలోకి అది వచ్చింది: టక్, టక్, టక్. నీటి అడుగున చెంచా కొట్టుకుంటున్న చప్పుడు కాదది, చప్పుడుకన్నా మెత్తనిది. పందొమ్మిదేళ్ళు తాను పంపుతూ వచ్చినది అవతల ఇలా అందిందా?

"తెలుస్తోందా?" అన్నాడాయన ఆయాసపడుతూ.

"ఆఁ. మెల్లగా వేయండి. ఇంకా మెల్లగా."

పదకొండింటికి బస్సు వచ్చింది. మెట్టు మీద కాలుపెట్టి కొర్నీలియస్ వెనక్కి తిరిగాడు.

"చేప కోసం ఇక రానని మాట ఇచ్చాను. మాట మాటే." టోపీని చేతిలో ఒకసారి తిప్పాడు. "చేప లేకుండా వచ్చేవాడి గురించి నాన్న ఏమీ చెప్పలేదు. ఆలోచించాలి. ఆలోచించడానికి నాకు శీతకాలమంతా పడుతుంది, మీకు తెలుసుగా."

"తెలుసు," అంది తోరా.

బస్సు కొండమలుపు తిరిగేదాకా చూసి, ఆమె దుకాణం వైపు నడిచింది. ఆర్విడ్ లోపల కాఫీ కాస్తున్నాడు. ఆమె గోడమీది పలక ముందు ఆగింది. మొగలో చేపలు లేవు, కొత్తగా రాయవలసింది పెద్దగా లేదు, అయినా పొద్దుటి రాత తుడిచింది. కుడి అరచేయి ఇంకా గెడ ఉన్నట్టే సగం మూసి ఉంది. ఆ చేతిని తెరవడం ఇష్టంలేక, ఎడమచేత్తో సుద్దముక్క అందుకుని, వంకరటింకర అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.

"గాలి లేదు. నీరు మసక. తొందర వద్దు."