బాలింత హైడ్రా

ముప్పై ఏళ్లు బోర్డు మీద హైడ్రా బొమ్మ గీశాను, పక్కకు పొడుచుకొచ్చిన మొగ్గతో సహా. ఆ మొగ్గ పెరిగి, తల్లి నుంచి విడిపోయి, ఇంకో హైడ్రా అవుతుందని చెప్పాను. దాన్ని కోరకీభవనం అంటారని రాయని పిల్లలకు మార్కులు కోశాను. నా కళ్లతో మాత్రం ఒక్కసారీ చూడలేదు. రిటైరయ్యాక ఆ సిగ్గుకొద్దీ మైక్రోస్కోపు కొన్నాను.

శ్రీకాళహస్తి రోడ్డు పక్క కుంటలోంచి నీళ్లూ పాచీ తెచ్చి, సీసాలో పోసి, కిటికీలో పెట్టాను. రోజూ పొద్దున ఒక్కో చుక్క చూసేదాన్ని. రెండు వారాలు పారమీషియాలు తప్ప ఇంకేమీ లేవు. మూడో వారం గాజుకు అతుక్కుని ఒక హైడ్రా, దాని పక్కన చిన్న మొగ్గ. ప్రాణం లేచొచ్చింది. దాన్ని గాజు గిన్నెలోకి మార్చి మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఇక మా అమ్మ. శుక్రవారం వస్తే ఇంట్లో నిలవనీళ్లు చుక్క ఉండనివ్వదు. ఆ గిన్నెను రెండుసార్లు మొక్కల్లో పోయబోయింది. ఎంత చెప్పినా చెవికెక్కదే. విసుగొచ్చి, "ముట్టుకోవద్దు మా, అది బాలింత," అన్నాను. అంతే, మళ్లీ దాని జోలికి రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగో రోజుకు మొగ్గకు చేతులొచ్చాయి, మొదలు దారమంత సన్నబడింది. ఇవాళ విడిపోక తప్పదనుకుని, గబగబా స్నానం చేసి వచ్చాను. గిన్నెలో నీళ్లు పసుప్పచ్చగా ఉన్నాయి.

"ఏం చేసినావు మా?"

"బాలింతకు పసుపు లేకుంటే ఎట్ల? చిటికెడే ఏసినా."

తల బాదుకోవాలనిపించింది. "అది నీళ్లలో పురుగు మా, మనిషి కాదు."

"పురుగైతే మాత్రం, తల్లే గదా."

డ్రాపరు పట్టుకుని హైడ్రాను పీల్చి, సీసా నీళ్లు పోసిన గాజు మూతలోకి మార్చి, మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టాను. తల్లీ బిడ్డా ముడుచుకుపోయి ఉన్నాయి. ఇంత చేసి చివరికి చంపుకున్నాననుకుంటే ఏడుపొచ్చింది. కదిలితే పిలవమని అమ్మను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి, గిన్నె కడగడానికి వంటింట్లోకి పోయాను. చేతులు గిన్నె తోముతున్నాయి, నోరు మాత్రం ఆగలేదు. ఈ ఇంట్లో ఒక్క పని సవ్యంగా సాగనివ్వవు కదా అన్నాను. ఇంకా చాలా అన్నాను.

తిరిగొచ్చేసరికి అమ్మ మైక్రోస్కోపు కంటద్దం మీంచి తల ఎత్తింది. "ఏరుపడిపోయిందిమే బిడ్డ."

వంగి చూశాను. రెండు హైడ్రాలు, చేతులు చాచుకుని, దేనికది.

"పిలవమన్నాను కదా మా."

"పిలిస్తి. రెండుసార్లు పిలిస్తి. నువ్వు ఆడ నన్ను తిడతా ఉంటివి, నీకు యాడ ఇనబడతాది."