కాగితం పట్టేంత సందు

మొన్న శుక్రవారం జుమ్మా నమాజుకు షాపు షట్టర్ దించుతుంటే మాకు వీసా ఇచ్చిన షాపు యజమాని, మా కఫీల్ ఫోను మోగింది. విన్నాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు, నా వైపు తిరిగి అరబ్బీలో మెల్లగా చెప్పాడు: "మీ ఉస్తాద్ పోయాడు." హైదరాబాదులో, సొంత ఇంట్లో, నిద్రలోనేనట. చూపు తగ్గిందని పని మానేసి ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లి మూడు నెలలు కూడా కాలేదు. షట్టర్ సగంలో వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను.

సౌదీలోని బురైదాలో మాది వేట సామాను షాపు. డేరాలు, బైనాక్యులర్లు, లైసెన్సున్నవాళ్లకు రైఫిళ్లు. వెనక గదిలో మరమ్మతు. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఆ గదిలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. జగిత్యాల నుంచి తలుపులు, కిటికీలు చేయడానికి వచ్చి ఎండలో మాడుతున్న నన్ను, యజమానితో మాట్లాడి ఈ షాపుకు మార్పించింది ఆయనే.

ఫ్యాక్టరీలో తయారైన రైఫిల్ గురి కుదరకపోతే దాన్ని దారికి తేవడం ఆయన విద్య. చిత్రమేమిటంటే, ఈ దేశంలో ఆయన ఒక్క గుండు కూడా పేల్చలేదు. లైసెన్సు కఫీల్‌ది, షూటింగ్ రేంజిలో పేల్చేదీ కఫీలే. చిల్లులు పడ్డ టార్గెట్ కాగితం తెచ్చి బల్ల మీద పెడితే, ఉస్తాద్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూసేవారు. చిల్లులు చెల్లాచెదురైతే ముందు స్క్రూలు చూడమనేవారు. మొదటి రెండూ కలిసి, మిగతావి ఒక పక్కకు జరిగితే, "బ్యారెల్ గరమైనంక చెక్కకు తగుల్తున్నది" అనేవారు. విప్పి చూస్తే సరిగ్గా అదే.

నాకు కోపం తొందర. ఒకే స్క్రూను నాలుగుసార్లు విప్పించి బిగించమంటే ఒళ్లు మండేది. "కంపెనోడు వెయ్యి జేస్తడు బిడ్డా, మనం ఒక్కటి జేస్తం. ఫరకు గంతే" అని నవ్వేవారు. నేను రెంచీ విసిరికొడితే, "దానికి జూపకు నీ కోపం, అది నీకన్న మొండిది" అనేవారు. ఆ మాటకు నాకూ నవ్వొచ్చేది.

గదిలో గోడకు నమాజు వేళల క్యాలెండరు ఉండేది. రోజూ పొద్దున నిన్నటి కాగితం చింపి, బ్యారెల్‌కూ దాని కింది చెక్కకూ మధ్య దూర్చి, ఈ కొస నుంచి ఆ కొసకు లాగేవారు. ఎక్కడ పట్టుకుంటే అక్కడ పెన్సిల్ గీత పెట్టేవారు. ఆ గీత దగ్గర చెక్కను గీకడం నా పని. కాగితం నడవనిదే ఏ రైఫిలూ గది దాటేది కాదు.

ఒక్కటి దాటింది. నా వల్ల.

ఒక రిటైరైన స్కూలు మాస్టారు పోటీ కోసం కొత్త రైఫిల్ తెచ్చారు. ఉస్తాద్ దాన్ని సరిచేసి, పాలిష్ పెట్టి ఇవ్వమని చెప్పి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు. బ్యారెల్ కింది ఆ సందు చూస్తే నా చేతులు ఊరుకోలేదు. తలుపుకూ ద్వారబంధానికీ మధ్య వెలుతురు కనిపిస్తే వడ్రంగి అయిన మా నాన్న నన్ను తిట్టిపోసేవాడు. రంపపు పొట్టు, జిగురు కలిపి సందు పొడుగునా నింపేశాను. నునుపుగా రుద్దాను. అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో! మాస్టారు కూడా మెచ్చుకునే పట్టుకెళ్లారు.

వారం తర్వాత ఆయన పోటీలో ఓడిన టార్గెట్ కాగితం తెచ్చి కౌంటర్ మీద విసిరారు. రెండు చిల్లులు నడిమధ్యన, మిగతావన్నీ వరసగా కుడికి. "ఎవరి పని ఇది?" అని కఫీల్ గర్జించాడు. ఆ నెలే నా ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్. ఊళ్లో మొదలుపెట్టిన ఇల్లు గోడల దగ్గరే ఆగి ఉంది. ఇంటికి తోలేస్తే నా గతేమిటి? ఉస్తాద్ కాగితాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "నాదే. కళ్లు మోసం చేశాయి" అని అరబ్బీలో అనేశారు.

కఫీల్ మరమ్మతు నా ఒక్కడికే వదిలాడు; ఆ వేట సీజనంతా ఉస్తాద్ ముందు కౌంటర్‌లో డేరాలు మడతపెట్టారు. ఆయన చేతులు ఆ పని చేస్తుంటే తల దించుకుని వెనక గదిలోకి వెళ్లిపోయేవాణ్ని. అయినా నోరు విప్పలేదు. సిగ్గులేని మనిషిని. ఒకరోజు ఉండబట్టలేక, "ఎందుకట్ల జెప్పిన్రు ఉస్తాద్?" అని అడిగాను.

"నీకు కొత్త పని నేర్పిన. పాత అలవాటు ఇడ్సిపెట్టుమని జెప్పలే. నా తప్పు గాదా?" అన్నారు. నా చేతిలో క్యాలెండరు కాగితం పెట్టి, "సందు గలీజు గాదు బిడ్డా. ఆ గొట్టానికి గాలాడాలె" అన్నారు.

ఇన్నేళ్లూ ఆ అబద్ధాన్ని ఆయన మీదే ఉంచాను. మొన్న, ఆ మెట్టు మీద కూర్చునే, కఫీల్‌కు అంతా చెప్పేశాను. పంపేస్తే పంపేయనీ అనుకున్నాను.

కఫీల్ నా పక్కనే కూర్చున్నాడు. "తెలుసు. సందు అంత నునుపుగా పూడ్చడానికి అతనికి చెక్క పని రాదు. రాదనే కదా నిన్ను తెచ్చుకుందామన్నాడు."

"మరి ఆయన్నెందుకు డేరాల దగ్గర పెట్టావు?"

"అతనే అడిగాడు. 'నేను పక్కనుంటే ప్రతిదానికీ నా మొహం చూస్తాడు, ఒక సీజన్ ఒంటరిగా వదిలెయ్' అన్నాడు."

రోడ్డు పక్కన, జనం చూస్తుండగా, బోరున ఏడ్చాను.

మర్నాడు పొద్దున వెనక గది తెరిచాను. బల్ల మీద ఒక రైఫిల్ ఉంది. శుక్రవారం కాగితం చింపి, బ్యారెల్ కింద దూర్చి లాగాను. మధ్యలో పట్టుకుంది. గీత పెట్టాను, గీకాను, మళ్లీ లాగాను. ఈసారి ఎక్కడా ఆగకుండా ఆ కొస దాకా వచ్చేసింది.

"సూడున్రి ఉస్తాద్" అంటూ వెనక్కి తిరిగాను. ముందు గదిలో డేరాలు సర్దుతున్న కఫీల్ తలెత్తి నా వైపు చూశాడు.