అత్తమ్మ పూసిన గంధం

నెత్తికి గంధం పూస్తే సల్లగుంటదని ఎవరన్న చెప్తే జల్దీ నమ్మకుండ్రి. ముందుగాల నన్నడుగుండ్రి! పోయిన నెల నా నెత్తి మీద జరిగిన కథే ఇది. టీ సల్లారిపోతది, మీరు తాగుకుంట వినుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి, నాక్కూడ ఇప్పుడు నవ్వే వస్తాంది. ఆ రోజైతే రాలే.

మీకు తెల్సిందే గద, రొమ్ము క్యాన్సర్ అని తేలినంక ఖమ్మంల కీమో మొదలుపెట్టిండ్రు. మొత్తం ఆరు డోసులు. జుట్టు పోతదని తెల్సు గానీ, పొయ్యే ముందు నెత్తంత గంత నొస్తదని నాకు తెల్వదు. మెత్త మీద తల పెడితే సూదులు గుచ్చినట్టే! దువ్వెన పెడితే దువ్వెన నిండ వెంట్రుకలు. బాత్రూం జాలీ నిండి నీళ్లు పోవుడు బందైంది. ఆఖరికి మా ఆయన ట్రిమ్మర్ తెచ్చి మొత్తం తీసేసిండు. బొగ్గుబాయిల డంపర్ నడిపే మనిషి. గంత పెద్ద బండి తిప్పే చెయ్యి, నా నెత్తి మీద ట్రిమ్మర్ను ఇంచుకొకసారి ఆపింది.

"ఏడుస్తున్నవా ఏంది?" అన్న.

"లేదు, వెంట్రుక కంట్ల పడ్డది" అన్నడు.

రెండు కండ్లల్ల పడ్డట్టున్నయి పాపం.

గుండైతే తిప్పలు పోతయనుకున్న. యాడ పోతయి! వారం తిరగకుండనే నెత్తి నిండ ఎర్రటి పొక్కులు. ఎండకు చెమట పట్టి స్కార్ఫ్ అంటుకునుడు, ఒకటే దురద, గోకితే మంట. అరచేతులు పొట్టు లేస్తున్నయి, గోర్లు నల్లబడ్డయి. దవాఖానల నర్సమ్మ ఒక కాగితం ఇచ్చింది. చంటిపిల్లల సబ్బు వాడాలె, మెత్తటి నూలుబట్ట కట్టాలె, రుద్దొద్దు, మమ్మల్ని అడగకుంట నెత్తికి ఏం పూయొద్దు అని. ఆ కాగితాన్ని మంచిగ ఫ్రిజ్జుకు అంటించిన. అంటించుడు ఒక్కటే చేసిన.

ఈ ముచ్చటంతా మా అత్తమ్మకు తెల్వదు. ఆమె బూర్గంపాడు దిక్కు పల్లెల ఉంటది, మేమేమో మణుగూరు క్వార్టర్ల. ఎందుకు చెప్పలేదంటే, ఆమె బిడ్డ, మా ఆడబిడ్డ సరోజ, ఏడేండ్ల కింద ఇదే రోగంతోని పోయింది. అప్పుడు అత్తమ్మ నెల రోజులు సరిగ అన్నం ముట్టలే. "అమ్మకు మళ్ల ఆ రోగం పేరు వినిపియ్యద్దు" అన్నడు మా ఆయన. సరే అన్న.

రెండో డోసు ఎక్కించుకొని ఖమ్మం నుంచి వస్తున్నం. పాల్వంచ బస్టాండ్ల బస్సు ఆగింది. చెమటకు తాళలేక స్కార్ఫ్ విప్పి తుడుసుకుంటున్న. అప్పుడే బస్సెక్కింది, అత్తమ్మ ఊరామె!

"ఓ విమలా, గుండేందే?"

నేను జల్దిన స్కార్ఫ్ కప్పుకున్న. మా ఆయన అందుకున్నడు. "మొక్కు! భద్రాచలంల తలనీలాలిచ్చింది."

జిందగీల అబద్ధమాడని మనిషి. ఆడక ఆడక రాములవారి పేరు మీద ఆడిండు!

నాలుగో రోజు పొద్దుగాల సంచి పట్టుకొని అత్తమ్మ దిగింది. మా ఆయన డ్యూటీకి పోయిండు, ఇంట్ల నేనొక్కదాన్నే. గడప దాటుకుంటనే అన్నది, "మొక్కు తీర్చుకున్నవంట! నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా?"

కోపం కాదు, సంబురం! సరోజ పోయినంక ఆమె ముఖంల గంత సంబురం నేను చూడలే. సంచిలకెల్లి గంధపుచెక్క తీసింది, సాన తీసింది. "గుండుకు గంధం పూయకుంటే ఎట్ల? రా, కూసో."

కూసున్న. దగ్గరికొచ్చి నా ముఖం చూసి ఆగింది.

"కనుబొమ్మలు గూడ ఇచ్చినవా?"

అవి గూడ రాలిపోయినయని యాదికే లేదు నాకు! "ఆ మంగలాయన చెయ్యి కొంచెం స్పీడ్ అత్తమ్మా" అన్న. ఆమె "హు" అన్నది. నమ్మిందో లేదో తెల్వలే. ఒక కంటికి శుక్లాలు, ఆపరేషన్ ఇంక కాలే. నెత్తి మీది పొక్కులు చూసి గూడ "కత్తి మొద్దుదున్నట్టుంది, గాట్లు పడ్డయి" అని మంగలాయననే తిట్టుకున్నది.

సాన మీద నీళ్లు పోసి అరగదీస్తాంది. పచ్చకర్పూరం గూడ నలిపి కలిపింది, ఇంక సల్లగుంటదని. ఫ్రిజ్జు నాకు నాలుగడుగుల దూరంల ఉన్నది. కాగితం కనపడుతనే ఉన్నది. అప్పుడన్న నోరు తెరిచి చెప్తే అయిపోయేది. కానీ ఆమె ఏదో పెండ్లి పాట మెల్లగ పాడుకుంట గంధం తీస్తాంది. ఎట్ల చెప్తరు చెప్పుండ్రి? గంధమే గద, ఏమైతది అనుకున్న.

పూసింది. ఆహా! నిజంగ సల్లగనే ఉన్నది. కండ్లు మూసుకున్న. ఇన్ని రోజుల నుంచి మంటలున్న నెత్తి మీద వాన పడ్డట్టైంది. ఉత్తగనే భయపడ్డ అని అనుకునేలోపే...

కర్పూరం పొక్కులల్లకు దిగింది.

అమ్మో! నెత్తి మీద పొయ్యి పెట్టి ఊదినట్టు! లేసి బాత్రూంలకు ఉరికిన. నల్ల తిప్పితే నీళ్లు లేవు, నీళ్లొచ్చే టైం అయిపోయింది. బకెట్ ఒకటి నిండ ఉన్నది. ముందు ఎనక చూడకుంట తల ముంచిన.

అవి మా ఆయన డ్యూటీ బట్టలు నానబెట్టిన నీళ్లు. సబ్బుపొడి నీళ్లు! బొగ్గు నీళ్లు!

ఇంక చూడుండ్రి నా అవతారం. కింద ఎర్రటి పొక్కులు, మీద పసుపుపచ్చ గంధం, దాని మీద నల్లటి నురగ. కండ్లల్లకు సబ్బు కారుతాంది. అత్తమ్మ బాత్రూం తలుపు కాడ నిలబడి "ఏమైంది బిడ్డా, ఏమైంది?" అని అరుస్తాంది. నేను అంతకంటె గట్టిగ అరిచిన:

"మొక్కు కాదత్తమ్మా! కీమో! నాది కీమో నెత్తి!"

రెండు నెలలు దాచిన ముచ్చట. క్వార్టర్ల లైను మొత్తానికి ఒక్క అరుపుతోని చెప్పేసిన.

నేను కండ్లు తెరవలేకపోతున్న, అత్తమ్మ పడిపోయిందేమోనని భయమైంది. అంతల చెంబు చప్పుడైంది. వంటింట్లకెల్లి తాగే నీళ్లు తెచ్చి, నా తల వంచి మెల్లగ పోసింది. ఒకటి, రెండు, మూడు చెంబులు. తన సంచిలకెల్లి పాత నూలుచీర తీసి పర్రున చింపింది. తడిపి నెత్తి మీద అద్దుతాంది. రుద్దలే, అద్దింది. ఒక్కొక్క పొక్కు పక్కనుంచి, నొప్పి కాకుంట.

అప్పుడు అడిగింది. "ఎన్నో డోసు?"

చదువు రాని మనిషి. డోసు అనే మాట ఆమె నోట్ల వినేసరికి సబ్బు మంట మర్చిపోయి కండ్లు తెరిచిన.

"రెండైనయత్తమ్మా. ఇంక నాలుగు."

"సరోజకు మూడో డోసుకు నోరు పుండైంది. నీకైందా?"

"ఇంక కాలే."

"ఉప్పుకారం తగ్గియ్యి."

కొంచెం సేపు అద్దుకుంటనే ఉన్నది. తర్వాత చెయ్యి ఆగింది. "చెప్తే నేను సస్తననుకున్నరా మీరు? నా బిడ్డకు చేసిన చేతులు, నీకు చేయకపోవునా?"

ఆమె లేసి పోయింది. కాసేపటికి పోయి చూస్తే, బాత్రూం ముందట కూసొని ఖాళీ బకెట్ తోముతాంది. తోమిందే తోముతాంది. కడిగిన బకెట్లనే మళ్ల పీచు పెట్టి రాస్తాంది. భుజాలు అదురుతున్నయి. నేను పక్కన కూసున్న.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చినంక నోరు తెరిచింది. ఆ మాటలు ఇక్కడ చెప్పేటివి కావు. పక్క క్వార్టరాయన టీవీ సౌండ్ బంద్ చేసి మరీ విన్నడంట!

అత్తమ్మ మళ్ల ఊరికి పోలే. మూడో డోసుకు నాతోనే ఖమ్మం వచ్చింది. వార్డు తలుపు కాడికి వచ్చినంక ఆ మందుల వాసనకు టక్కున ఆగిపోయింది. గోడ పట్టుకున్నది. "బయట కూసో అత్తమ్మా" అన్న. వినలే. కొంగు నడుముకు బిగించి, నాకంటె ముందు లోపలికి నడిచింది.

నర్సమ్మ నా స్కార్ఫ్ విప్పి చూసి నోరెళ్లబెట్టింది. "గిదేందమ్మా?" జరిగిందంతా చెప్పిన. డాక్టరమ్మ వచ్చి చూసి, పూసుకునే మందు రాసి, డోసు ఆపే పని లేదన్నది. బతికిపోయిననుకున్న. నర్సమ్మకు మాత్రం కోపం తగ్గలే.

"పొక్కుల మీద కర్పూరం, దాని మీద సబ్బుపొడి! మీ ఇంట్ల చదువుకున్నోళ్లు ఎవ్వరు లేరా?"

అత్తమ్మకు రోషమొచ్చింది. "ఎందుకు లేరు బిడ్డా? నా కోడలు ఇరువై ఏండ్ల సంది బడిల సైన్సు చెప్తాంది!"

వార్డు మొత్తం నా దిక్కు చూసింది. నేను చేసేదేం లేక, సూది పెట్టకముందే మత్తొచ్చినట్టు కండ్లు మూసుకున్న.