గుడ్డ కట్టని కడవ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏ ఇంటికి పోయినా నీళ్ళ కడవ మూతికి పాత పంచె గుడ్డ కట్టి ఉండేది. మాది హగరి ఏటి ఒడ్డు ఊరు. ఊరి మధ్య పంచాయితీ కట్టించిన సిమెంటు తొట్టికి మూత లేదు. తాగడానికి ఆ నీళ్ళే. దాని పక్కనే బర్రెలు పడుకునేవి, అక్కడే బట్టలు ఉతికేవారు, ఆ మురికంతా నిలిచి పచ్చబడి కంపు కొట్టేది. నీళ్ళు తెచ్చి కడవలో పోస్తే ఎర్రటి సన్న పురుగులు గుడ్డలో మిగిలేవి. ఆడవాళ్ళు ఆ గుడ్డను పెరట్లో దులిపి మళ్ళీ కట్టేవారు. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. పురుగుల కంటే అట్లా చప్పుడు కాకుండా దులుపుకోవడమే నాకు ఎక్కువ రోత.

ఆ ఏడు వానలకు ఇంటింటా వాంతులు, బేదులు. పక్కింటి అక్క బిడ్డ దక్కలేదు. తర్వాత మా తమ్ముడు మంచాన పడ్డాడు. కళ్ళు లోతుకు పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక మా అవ్వ ఒళ్ళో వాలిపోయి ఉండేవాడు. పంచాయితీ ఛైర్మన్ ఎవరంటే మా తాతే. అవ్వ తొట్టి సంగతి ఎత్తినప్పుడల్లా “మనం తాగల్యా ఈ నీళ్ళు? ఏమాయె?” అని కండువా దులుపుకుని పోయేవాడు.

ఏటికి అవతల ఒక ఊళ్ళో తొట్టిని బాగా పెట్టుకున్నారని, అక్కడి పిల్లలకు ఆ జబ్బు రాలేదని, పోయి చూసి రమ్మని తాలూకా ఆఫీసు వాళ్ళు మా తాతకూ మెంబర్లకూ చెప్పారు. బండ్లు కట్టుకుని పోయి, సాయంత్రానికి మెడలో పూలదండలతో వచ్చారు. ఏం చూసినారని అవ్వ అడిగితే తాత అక్కడ తిన్న ఓళిగల సంగతి చెప్పాడు. వాటి మీద నెయ్యి ఎట్లా పోశారో అదీ చెప్పాడు. తొట్టి గురించి మాత్రం “బాగనే ఉండాదిలే” అన్నాడు. తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని వింటున్న అవ్వ ముఖం నాకింకా గుర్తుంది. అది కోపం కాదు, అసహ్యం.

మర్యాదకు మర్యాద అని తాత ఆ ఊరివాళ్ళను మా ఇంటికి పిలిచాడు. వాళ్ళొచ్చే పొద్దు అవ్వ కడవకున్న గుడ్డ విప్పేసింది. తొట్టి నీళ్ళు ఉన్నవి ఉన్నట్టే పోసింది. ఇత్తడి చెంబు తళతళా తోమి, నింపి నా చేతికిచ్చింది. మా వైపు ఇంటికొచ్చిన మనిషి నీళ్ళు వద్దంటే ఆ ఇంటినే వద్దన్నట్టు. ఎండన పడి వచ్చిన ఆ ఊరి పెద్దాయన ఆత్రంగా చెంబు అందుకుని, లోపలికి చూసి, మెల్లగా కింద పెట్టాడు. “ఇప్పుడే తాగొచ్చినాం తల్లీ” అన్నాడు.

తాత ముఖం కందిపోయింది. అంతలో అవ్వ గడప దాటి వచ్చింది. అంతమంది మగవాళ్ళ ముందుకు ఆమె రావడం నేను అంతకుముందు చూడలేదు.

“యాడ తాగినారప్పా? దోవలో బావి గూడా లేదే” అని, చెంబు తీసి తాత ముందు పెట్టింది. “ఆయప్ప వద్దంటాండాడు. నువ్వు తాగు. నీ మనవడు తాగిన నీళ్ళే.”

తాత వంగి చూశాడు. పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఆయన చెయ్యి చెంబు దాకా పోయి ఆగిపోయింది. అవ్వను కొడతాడేమోనని నేను స్తంభం చాటుకు పోయాను. ఆయన తల ఎత్తకుండానే, “ఆ పొద్దు మీరు చెప్తాంటే నేను తిండి ధ్యాసలో ఉన్న్యానప్పా. మీ తొట్టి ఎట్ల పెట్టుకున్నారో మళ్ళా చెప్పండి” అన్నాడు.

పెద్దాయన మమ్మల్ని చులకన చేయలేదు. “మాదీ ఇట్లనే ఉండె. మేమూ ఇంగో ఊరు చూసే నేర్చుకున్నాం” అన్నాడు. విస్తళ్ళు వేసి ఉన్నా ఎవరూ కూర్చోలేదు, అందరూ తొట్టి దగ్గరికి నడిచారు. దానికి మూత, బర్రెలకు దూరంగా ఇంకో తొట్టి, మురుగు నీళ్ళు టెంకాయ మొక్కలకు పోయేట్టు కాలువ, వారానికో వీధివాళ్ళు వంతు పెట్టుకుని కడగడం, అన్నీ అక్కడే నిలబడి చెప్పాడు. కోతలకు ముందే మా ఊళ్ళో అవన్నీ జరిగాయి. తమ్ముడు బతికాడు. పక్కింటి అక్క మాత్రం ఆ మూత చూసినప్పుడల్లా తల తిప్పుకునేది.

మేనరికం చేసుకున్నదాన్ని గనుక నేను ఈ ఊళ్ళోనే ఉండిపోయాను. ఇప్పుడు ఊరి నీళ్ళ కమిటీలో ఉన్నాను. పోయిన నెల మా పంచాయితీ వాళ్ళను బస్సులో మంచి పేరున్న ఒక పంచాయితీకి పంపితే నేనూ పోయాను. అక్కడి సభ్యురాలు ట్యాంకు కడిగే పద్ధతి, చెత్త వేరు చేసే పద్ధతి ఓపికగా చెబుతుంటే మావాళ్ళు బ్యానరు కింద ఫోటోలు దిగారు, భోజనం ఎన్నింటికని అడిగారు. బస్సు కదిలాక ఎంగిలి ప్లేట్లు కిటికీలోంచి ఆ ఊరి వీధిలోకే విసిరారు. ఛీ, మనుషులా వీళ్ళు అనిపించింది. మా కొళాయి పైపు ఈనాటికీ మురుగు మోరీలోంచే పోతుంది. పగిలిన చోట గోనెపట్టా చుట్టి వదిలేశారు. దాన్ని బాగుచేయమని అడిగేవాళ్ళు లేరు, ఇంటింటా ఫిల్టరు మిషన్లు పెట్టుకున్నారు. అవీ ఆ పాత పంచె గుడ్డలే, కరెంటుతో నడుస్తాయి, అంతే తేడా.

వచ్చే వారం, మేము బస్సులో పోయి చూసొచ్చిన ఆ ఊరివాళ్ళు మా ఊరు చూడటానికి వస్తున్నారు. మా పంచాయితీ అధ్యక్షుడు అప్పుడే సీసా నీళ్ళ పెట్టెలు దించుకున్నాడు. “వాళ్ళకి కొళాయి నీళ్ళు ఇయ్యాకు పెద్దమ్మా, మర్యాద పోతాది” అని నాకు మరీ మరీ చెప్పాడు.

మనం పోయి మంచి ఊరిని చూస్తే పొట్ట నిండుతుంది, ఆ ఊరు వచ్చి మనల్ని చూస్తేనే సిగ్గు వస్తుంది. అవ్వ దగ్గర నేను నేర్చుకున్నది అదే. ఆమె చెంబు నా దగ్గరే ఉంది. చింతపండేసి తోమి పెట్టాను. వాళ్ళొచ్చే పొద్దు దాంట్లో కొళాయి నీళ్ళు పట్టి, అందరి ముందరా, మొదట మా అధ్యక్షుడి చేతికే ఇస్తాను.