ప్రభాకర్ బాకీపడ్డ ప్రాక్టికల్

ఆళ్ళగడ్డలో ప్రభాకర్ నడిపే ఎరువులు, పురుగుమందుల అంగడికి కొత్తగా వచ్చిన రైతులు మొదట గోడవైపు చూసి గొంతు తగ్గించుకునేవారు. గోడమీద అద్దాల ఫ్రేములో ఒక బి.ఎస్సీ. పట్టా, దాని పక్కనే ఒక ఆడమనిషి ఫోటో ఉండేవి. ఫోటోలో ఆమె నవ్వదు.

"ఎవురప్పా ఆ యమ్మ?"

"సలోమి అని, నా క్లాస్‌మేటు."

"అయ్యో పాపం. ఎప్పుడు పాయ?"

"యాడికీ పోలేదు. నంద్యాల్లోనే ఉండాది. ప్రైవేటు స్కూల్లో టీచరు."

ఎవరూ నమ్మేవారు కాదు. బతికున్న మనిషిని ఫ్రేము కట్టించి అంగట్లో ఎవరు తగిలించుకుంటారు? కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చే ఒక శనగ రైతైతే చెప్పులు విడిచి, ఆమెకు దండం పెట్టి మరీ మందు కొనేవాడు. ప్రభాకర్ మొదట్లో వద్దని చెప్పేవాడు. దండం పెట్టినవాడు బేరమాడడని గమనించాక చెప్పడం మానేశాడు.

అసలు సంగతేమిటంటే, పురుగుమందులు అమ్మాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే కెమిస్ట్రీతో డిగ్రీ చదివిన మనిషి ఒకరు ఆ అంగట్లో ఉన్నట్టు కాగితం చూపాలి. ప్రభాకర్‌కు డిగ్రీ లేదు. బొత్తిగా లేదని కూడా అనలేం. నంద్యాల కాలేజీలో మూడేళ్ళు చదివాడు. పేపర్లన్నీ రాశాడు, అన్నీ పాసయ్యాడు. చిట్టచివరి కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కటి మాత్రం రాయలేదు.

సరిగ్గా ఆ ప్రాక్టికల్ రోజే ఒక విత్తనాల కంపెనీవాళ్ళు ఉద్యోగంలో చేరడానికి కర్నూలుకు రమ్మన్నారు. నెలకు రెండు వేల ఎనిమిది వందల జీతం, పైగా పెట్రోలు ఖర్చు. ఇరవై ఏళ్ళవాడికి ఇవి వినిపించాక టెస్టుట్యూబు కనిపిస్తుందా? "ప్రాక్టికల్ యాడికి పోతుందిలే, వచ్చే ఏడు రాస్తా" అని బస్సెక్కాడు. నిజమే, అది ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉండి ఇరవై రెండేళ్ళు అతనికోసం కాచుకుంది.

పోనీ చదువురాని వాడా అంటే అదీ కాదు. క్లాసు మొత్తానికీ ప్రాక్టికల్ రికార్డులో బొమ్మలు గీసిపెట్టింది అతనే. సలోమి రికార్డు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా అతని చేతిరాతే. దాంతో ఆమెకు యాభైకి నలభై ఆరు మార్కులు వచ్చాయి. ఆ నలభై ఆరు గోడమీద ఉండగా, గీసిపెట్టినవాడు దానికింద కుర్చీలో కూర్చునేవాడు.

కంపెనీలో మొదటి మూడేళ్ళూ ప్రభాకర్ రాజా. సెకండ్‌హ్యాండు మోటారు సైకిలు కొన్నాడు. తోటివాళ్ళు ఇంకా ఇంట్లో దుడ్లు అడుక్కుంటుంటే వాళ్ళకు హోటల్లో దోసెలు పెట్టించాడు. ఆపైన కంపెనీకి ఒక ఆలోచన వచ్చింది: ఆఫీసర్లంటే డిగ్రీ ఉండాలి అని. పత్తి ఆకు ఎటువైపు ముడుచుకుంటే ఏ పురుగో కిరణ్ అనే కుర్రవాడికి నేర్పింది ప్రభాకరే. కిరణ్‌కు డిగ్రీ ఉంది కాబట్టి ఆఫీసరయ్యాడు. మొదటి వారం "అన్నా" అన్నాడు, నెల తిరిగాక "ప్రభాకర్ గారూ" అన్నాడు, మూడో నెలకు ఉత్త "ప్రభాకర్" మిగిలాడు. జీతాల్లో ఆరు వేల తేడా. అదైనా ఓర్చుకున్నాడు గానీ, తన పెట్రోలు బిల్లుమీద కిరణ్ సంతకం పెట్టడం ఓర్చుకోలేక మానేసి సొంతంగా అంగడి పెట్టాడు.

పెళ్ళిచూపుల్లో మామ "ఏం చదివినావప్పా?" అని అడిగితే "బి.ఎస్సీ." అన్నాడు. అబద్ధమేముంది, చదివాడు గదా. పాసయ్యావా అని మామ అడగలేదు. పెళ్ళి పత్రికలో పేరు పక్కన అచ్చు కూడా పడింది. భార్య నిర్మల ఆ పత్రికను ఇప్పటికీ బీరువాలో దాచుకుంది. ప్రేమతోనే అనుకునేరు. మొగుడు ఎక్కువ మాట్లాడిన రోజున తీసి చదవడానికి.

లైసెన్సుకు పట్టా కావాలన్న నియమం వచ్చినప్పుడు ప్రభాకర్ నంద్యాల పోయి సలోమిని అడిగాడు. ఆమె స్కూలు జీతం చెప్పుకోదగ్గది కాదు. నెలకు మూడు వేలకు ఒప్పందమైంది. అట్లా ఐదేళ్ళు.

"లచ్చా ఎనభై వేలు," అంది నిర్మల ఒకరోజు, చపాతీలు ఒత్తుతూనే లెక్కగట్టి. "ఒగ పూట పరీచ్చకు పోకపోయినందుకు."

"ఇప్పుడెందుకే అయన్నీ?"

"ఊరికే చెప్తాండా."

ఇంతవరకూ బండి నడిచింది. మొన్నటి దసరాకు ఆయుధ పూజ వచ్చింది.

మూటలు దించే మారెన్నకు అరవై ఏళ్ళు. పూజంటే అతనికి మహా శ్రద్ధ. పొద్దున్నే అంగడి కడిగి, కాటాకు కుంకుమ పెట్టి, స్ప్రేయర్లకు పూలు పెట్టి, క్యాష్ డబ్బాకు, ఫ్యానుకు, చివరికి స్టాప్లరుకు కూడా బంతిపూలు చుట్టాడు. తలెత్తి చూస్తే ఫ్రేము కనిపించింది. అందరిలోకీ పెద్ద దండ దానికి వేసి, అద్దంమీద నుదురు ఉన్నచోట బొట్టు పెట్టి, కింద రెండు అగరొత్తులు ముట్టించాడు.

ప్రభాకర్ టెంకాయ కొట్టి తల ఎత్తేసరికి గుమ్మంలో సలోమి నిలబడి ఉంది. చేతిలో స్వీటు డబ్బా. చూపు గోడమీద.

"ప్రభాకరా," అంది నిదానంగా, "నేనెప్పుడు పోతి?"

బెంచీమీద కూర్చున్న శనగ రైతు ఫోటోను చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ ఫోటోను చూశాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి రోడ్డుమీదికి నడిచాడు.

"ఇది మారెన్న పని," అన్నాడు ప్రభాకర్.

"తప్పేముందమ్మా," అన్నాడు మారెన్న. "కాటాకు ఏసినా, ఫ్యానుకు ఏసినా, స్టాప్లరుకు గూడా ఏసినా. నీకు ఒగదానికే ఏకుంటే నువ్వేమనుకుంటావో అని."

"స్టాప్లరు తర్వాతనా నేను?"

"నీది పెద్ద దండమ్మా, చూడు."

సలోమి నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. తన దండ కింద తానే కూర్చుని, స్వీటు డబ్బా విప్పి, వచ్చిన పని చెప్పింది. డీఎస్సీలో ఆమెకు సర్కారు టీచరుద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి.

"గవర్నమెంటు జీతం తీసుకుంటా నీ అంగట్లో పని చేస్తాండానని కాగితం ఉంటే ఉద్యోగం ఊడుతుంది. నా పట్టా నాకియ్యప్పా."

"శానా సంతోషం సలోమీ," అన్నాడు ప్రభాకర్. సంతోషం నిజమే గానీ, అందుకున్న మైసూరుపాకును మాత్రం మళ్ళీ డబ్బాలోనే పెట్టాడు.

లైసెన్సులిచ్చే వ్యవసాయ శాఖ ఆఫీసులో మూడు నెలల గడువిచ్చారు. ఆలోగా ఇంకో పట్టా చూపకపోతే లైసెన్సు రద్దు. పురుగుమందులు లేని ఎరువుల అంగడంటే ఉప్పులేని పులుసు. మారెన్న కూలి, నిర్మల పెట్టిన చీటీ, కూతురి హాస్టలు ఫీజు అన్నీ ఆ సీసాల్లోంచే రావాలి.

ప్రభాకర్ పట్టాల వేటకు బయలుదేరాడు. కోయిలకుంట్లలో ఒక బి.ఎస్సీ. ఉన్నాడంటే పోయాడు. ఆయన నెలకు ఎనిమిది వేలు, పైగా తన పదెకరాలకు మందులు ఊరికే కొట్టించమన్నాడు. జూపాడు బంగ్లా అనే ఊళ్ళో ఇంకొకాయన బేరమే ఆడలేదు. ఆయన పట్టా అప్పటికే రెండు అంగళ్ళలో వేలాడుతోంది. "మూడో అంగడైనా నాకేం అభ్యంతరం లేదన్నా," అన్నాడు, "చెకింగు వచ్చిన రోజు బేగా ఒగ ఫోను కొట్టు, పట్టా తీస్కోనొస్తా."

ఆ సంగతి విని నిర్మల పప్పు గరిటె కింద పెట్టింది.

"ఊర్లెమ్మడి పట్టాలు అడుక్కుంటా తిరిగేదానికి, నీది నువ్వు తెచ్చుకుంటే ఏం పోతాది?"

"నలభై రెండేండ్లకు పోయి ఆ పిల్లోళ్ళ మధ్యలో టెస్టుట్యూబు పట్టుకోమంటావా?"

"నువ్వు దినామూ పట్టుకునే సీసాల కంటే చిన్నదే గదా."

యూనివర్సిటీవాళ్ళు పాత బ్యాచీలకు ఆఖరి అవకాశం ఒకటి ఇచ్చారని సలోమే కనుక్కుని ఫోను చేసింది. ఈసారి తప్పితే మళ్ళీ లేదట. ప్రభాకర్ తెల్లచొక్కా వేసుకుని నంద్యాల కాలేజీకి పోయాడు.

"ఎవురికి సార్, పాపకా బాబుకా?" అన్నాడు కౌంటరులోని గుమాస్తా.

"నాకే."

"ఏ బ్యాచి?"

చెప్పాడు. గుమాస్తా వేళ్ళమీద లెక్కపెట్టుకుని లేచి నిలబడ్డాడు. "నేనప్పుడు రెండో తరగతి సార్. కూచోండి." అంతసేపూ మూలన ఉన్న కుర్చీ అప్పుడు ముందుకొచ్చింది. పాత రిజిస్టరు స్టోరు రూములో విరిగిన బెంచీల కింద దొరికింది. అందులో అతని పేరు, అన్ని గళ్ళలో మార్కులు, చివరి గడిలో ఎర్రసిరాతో ఆబ్సెంట్. సిరా ఇంకా వెలిసిపోలేదు. అప్పట్లో రెండొందలున్న ఫీజు అపరాధంతో కలిపి ఐదు వేలయింది.

కొత్త రికార్డు కూడా రాయాలన్నారు. ఇక అంగట్లో కౌంటరుమీదే బొమ్మలు మొదలయ్యాయి. "బిల్లు రాయమంటే బుడ్డి గీస్తాండావేందప్పా?" అని రైతులు విసుక్కునేవారు. రోజూ స్కూలు వదిలాక సలోమి ఫోను చేసి ప్రశ్నలడిగేది. తాను కూడా ఒక బొమ్మ గీసి వాట్సాప్‌లో పంపింది. అది బ్యూరెట్టో బెండకాయో ఇద్దరికీ తేలలేదు. ప్రభాకర్ మర్యాదగా దాన్ని మళ్ళీ గీసుకున్నాడు.

డిసెంబరులో పరీక్ష. ల్యాబులో ఇరవై ఇద్దరు పిల్లలు, ఒక ప్రభాకర్. అందరికీ తలా ఒక పొట్లం ఇచ్చి, అందులో ఉన్నదేమిటో పరీక్షలు చేసి కనుక్కోమన్నారు. ప్రభాకర్ పొట్లం విప్పాడు. తెల్లటి గుండ్రటి గింజలు.

యూరియా.

అతనికి నవ్వొచ్చింది. పదహారేళ్ళుగా లారీలకు లారీలు దించిన సరుకు. కాగితంమీద ఒకే మాట, యూరియా, అని రాసి, కింద గీత కొట్టి, పదో నిమిషానికల్లా ఎగ్జామినరు మేడమ్ చేతికిచ్చాడు.

భ్రమరాంబిక మేడమ్‌కు ముప్పై దాటి ఉండవు. కాగితం చూసింది, అతన్ని చూసింది.

"కరెక్టే. సున్నా మార్కులు."

"ఎందుకు మేడమ్?"

"ఇది యూరియా అని మా నాయన గూడా చెప్తాడు. గడివేములలో సేద్యం ఆయన. యూరియా అని ఎట్లా తేలిందో చేసి చూపిస్తేనే మార్కులు. పోయి చేయండి."

అప్పుడు పట్టింది చెమట. కరిగించాడు, వాసన చూశాడు, చల్లార్చాడు, నీళ్ళలో కలిపి కాస్టిక్ సోడా పోశాడు. చివర్న కాపర్ సల్ఫేటు వేస్తే ఊదారంగు రావాలి. కాపర్ సల్ఫేటంటే మైలుతుత్తం, అంగట్లో కిలోల లెక్కన అమ్మేదే. చేయి తనకు అలవాటైన కొలతే వేసింది. గొట్టం నిండా చిక్కటి నీలం.

పక్క బల్లమీది అమ్మాయి విష్ణుప్రియ గొంతు తగ్గించి అంది: "అంకుల్, ఒగ చుక్క చాలు. ఎక్కువేస్తే రంగు మునిగిపోతుంది."

మోతాదు మించొద్దని రోజుకు ముప్పైమంది రైతులను తిట్టే మనిషి తల వంచుకుని గొట్టం కడుక్కున్నాడు. గంట కొట్టడానికి పావుగంట ఉంది. మళ్ళీ మొదటినుంచి చేశాడు. ఈసారి ఒక్క చుక్క, ఊపిరి బిగబట్టి. ఊదా వచ్చింది. లేత వంకాయపువ్వు రంగు. గొట్టం పట్టుకుని, చుక్క ఒలక్కుండా మేడమ్ దగ్గరికి నడిచాడు.

మౌఖికంలో మేడమ్ రెండే ప్రశ్నలడిగి మార్కులు వేసేసింది. పుస్తకం మూశాక, "మా నాయన వరికి యూరియా మరీ ఎక్కువేస్తాండాడు. నా మాట వినడు," అంది. ప్రభాకర్ రఫ్ కాగితం వెనక ఎప్పుడెంత వేయాలో రాసి, కింద తన ఫోన్ నంబరు కూడా వేశాడు. ఆ నంబరు వేయడం అలవాటు, అతనికేం దురుద్దేశం లేదు.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా ఫలితం వచ్చింది. యాభైకి ఇరవై ఎనిమిది.

"ఇరవై ఎనిమిదేనా?" అంది సలోమి ఫోన్‌లో. "నాకు నలభై ఆరు."

"ఆ రికార్డు గీసిందెవరు తల్లీ?"

"అందుకే గదప్పా చెప్తాండా. ఆ పొద్దు రాసింటే ఆ నలభై ఆరు నీవి."

నిర్మల లోపలికి పోయింది. బీరువా తెరిచి పెళ్ళి పత్రిక తీసింది. పేరు పక్కనున్న అక్షరాలను ఒకసారి చూసి, మడిచి, పాత పేపర్ల కట్టలో పడేసింది. దానితో ఇక పని లేదంది.

లైసెన్సు ప్రభాకర్ పేరుమీద వచ్చింది. చూడ్డానికి వచ్చిన ఆఫీసరు పట్టా అటూ ఇటూ తిప్పి, చేయి కలిపి, పోతూ పోతూ ఒక మాట అన్నాడు: "ఇంక క్వాలిఫైడ్ మనిషి మీరే కాబట్టి, అంగడి తెరిచిన కాడ్నుంచి మూసేదాకా మీరు ఈడ్నే ఉండల్ల."

ఈ సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. పగలల్లా పొలాల గట్లమీద, టీ బంకుల్లో, ఎవరి పెళ్ళికైనా ముందు వరసలో కనిపించే మనిషి ఒక్కసారిగా కుర్చీకి అతుక్కుపోయాడు. మధ్యాహ్నం ఇంటికి భోజనానికి కూడా రాడు. క్యారియరు వస్తుంది.

మొన్న రుద్రవరం రైతొకాయన అరటితోట ఎండుతోంది, వచ్చి చూడమని ఫోను చేశాడు. "రాకూడదప్పా, క్వాలిఫైడ్ మనిషినైపోతి. ఆకు తెంపుకోని నువ్వే రా," అన్నాడు ప్రభాకర్. ఆ రైతు ఆకుతో సరిపెట్టలేదు. చెట్టునే వేళ్ళతో, మట్టితో సహా పెకలించి ఆటోలో వేసుకొచ్చి అంగడి ముందు రోడ్డుమీద పడుకోబెట్టాడు. జనం మూగారు. బస్సు ఆగి హారను కొట్టింది. మా ప్రభాకర్ ఒక కాలు అంగడి మెట్టుమీదే ఉంచి, రెండో కాలు రోడ్డుమీద చాపి, ఒళ్ళంతా వంచి ఆ చెట్టు వేరు వాసన చూస్తున్నాడు.