వెన్ను తిప్పినవాడి మీద

వనపర్తిలో లైసెన్సు తుపాకులు బాగుచేసే ఇలియాస్‌కు ఆ పని ఎవరూ నేర్పలేదు. కుట్టుమిషన్లు విప్పి బిగించిన చేతులతోనే నేర్చుకున్నాడు. మరమ్మతు అయ్యాక, అది తనంతట తాను పేలదని తేల్చుకోవడానికి, ఖాళీ తుపాకీ సుత్తిని వెనక్కి లాగి, కట్టెపిడిని చెక్క పలక మీద పదిసార్లు కొట్టమంటాడు. కొట్టాల్సింది తుపాకీ తెచ్చినవాడే. సుత్తి ఒక్కసారి జారినా తుపాకీ మళ్లీ బల్లెక్కాల్సిందే.

మొన్న పొద్దున తిమ్మాజిపేట నుంచి యాదమ్మ వచ్చింది. ఆమె పెనిమిటి వెంకట్రాములు అప్పటికి వారం రోజులుగా జైల్లో ఉన్నాడు.

"అన్నా, ట్రిగ్గర్ లూజుండె, అదే పేలిందని పోలీసులకు చెప్పు. మా బతుకు నీ మాట మీదున్నది."

"పోయిన నెలనే బాగుచేసిచ్చిన చెల్లె. పలక మీద కొట్టి చూసుకున్నది మీ ఆయననే."

"నీ చేతి పేరు కోసం ఆయనను జైల్లనే ఉంచుతవా?"

ఇలియాస్‌కు ఆ మాట గుచ్చుకుంది. చేతిలోని ఆకురాయి పక్కన పెట్టి, అసలేం జరిగిందో చెప్పమన్నాడు.

పందుల నుంచి పంట కాచుకోవడానికి తీసుకున్న తుపాకీ అది. పొద్దెక్కాక ఇద్దరు దొంగలు బోరు మోటరు వైరు కోస్తుంటే వెంకట్రాములు చూశాడు. ఒకడు ఇనుప రాడ్ ఎత్తి మీదికొచ్చాడు. వెంకట్రాములు తుపాకీ ఎత్తగానే రాడ్ పారేసి ఇద్దరూ పరుగెత్తారు. అప్పుడు పేల్చాడు. రాడ్ ఎత్తినవాడి పిక్కలో సీసం రవ్వలు దిగాయి.

"ఉరికెటోన్ని ఎందుకు కొట్టిండు?"

"పందినైతే గట్లనే కొడ్తరు గద. ఎనక ఒక్కటి పడితే మళ్ల చేన్లకు రాదు."

రాడ్ తల మీదికి వస్తుండగా పేల్చి ఉంటే చట్టం ప్రాణరక్షణ అని ఆలోచించేది. రాడ్ పడేసి వెన్ను తిప్పిన క్షణాన ఆ హక్కు ముగిసింది. పోయేది వైరు, దానికి పోలీసులున్నారు. తుపాకీలో మందు ఎంత పోయాలో ఇలియాస్ ఎందరికో చెప్పాడు గానీ, ఎక్కడ ఆగాలో ఎవరికీ చెప్పలేదు.

"తుపాకీని ల్యాబుల పరీక్ష చేస్తె అబద్ధం తేలిపోతది చెల్లె. తేలినంక, రాడ్ ఎత్తిండన్న నిజం గూడ ఎవలు నమ్మరు."

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇలియాస్ షట్టర్ దించి, ఆమె వెంట నాగర్‌కర్నూల్ పోయాడు. తుపాకీ బాగానే ఉందని ఠాణాలో రాసిచ్చి సంతకం పెట్టాడు. అక్కడి నుంచి వకీలు దగ్గరికి పోయేదాకా ఆమె అతని మొఖం చూడలేదు.

"దెబ్బ తగిలినంక మీ ఆయన ఏం చేసిండమ్మా?" వకీలు అడిగాడు.

"ఏం జేస్తడు సార్, మతిలేనోడు! దొంగను బండి మీద ఏసుకొని దవాఖానకు తోలుకపోయిండు. ఊరంత నవ్వుతున్నరు."

"సీదా దవాఖానకేనా?"

"లేదు సార్. దారిల ఠాణా ముందర ఆగి, 'నేనే కొట్టిన, ముందుగాల వీన్ని బతికించుకొస్త' అని చెప్పి పోయిండు."

వకీలు తలెత్తాడు. "అదే పేలిందని నేను చెప్పిస్తే, ఆయన మాట అబద్ధమైతుండె గద అన్నా" అంది యాదమ్మ ఇలియాస్ వైపు తిరిగి.