అక్క వస్తానన్న వారాంతం

గురువారం పొద్దున్న మా అమ్మాయి లంచ్ బాక్సు సర్దుతుండగా కోవెంట్రీ నుంచి ఫోను వచ్చింది. చేసింది మా పాత ఇంటి పై ఫ్లాటు అక్క మేనకోడలు. మెసేజీలు పెట్టడమే తప్ప ఫోను చేసే పిల్ల కాదు. "మా అత్త పోయింది" అంది. ముందు రోజు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసి వచ్చి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. మధ్యాహ్నం లేపబోతే లేవలేదట. గుండె అన్నారట డాక్టర్లు.

అలాంటి కబురు వింటే ఎవరైనా అయ్యో అంటారు, ఏడుస్తారు. నేను మాత్రం "మరి వచ్చే శనివారం?" అన్నాను. ఆ పిల్ల మెల్లగా, "దానికోసం డ్యూటీల రోటా కూడా మార్పించుకుంది" అంది.

వచ్చే శనివారం అక్క వాట్‌ఫర్డ్‌లో మా ఇంటికి రావాలి. మేము కోవెంట్రీ వదిలి ఇక్కడికి మారినప్పటి నుంచీ వస్తాను, వస్తాను అంటూనే ఉంది. ఇన్నేళ్ళకు కుదిరిందనుకుంటే ఇలా అయింది. ఆవిడ గొప్పదని చెప్పడానికి కాదు ఈ నాలుగు మాటలు. ఆ రాక జరగకుండా పోయినందుకు మనసు ఊరుకోక రాస్తున్నాను.

ఆవిడది ఫిలిప్పీన్స్. దుమగెతె అనే సముద్రపు ఒడ్డు ఊరు. భర్త పోయాక నర్సు ఉద్యోగం చూసుకుని కోవెంట్రీ వచ్చేసింది. సముద్రం చప్పుడు వింటూ పెరిగిన మనిషికి ఇంగ్లండు మొత్తంలో ఆ ఊరే దొరికింది. ఎటు బయల్దేరినా సముద్రానికి కారులో రెండు గంటల పైమాటే. "దేవుడు నా రోటా రాసినప్పుడు నిద్రపోతున్నాడు" అనేది నవ్వుతూ.

మేము 2008 చలికాలంలో ఆ ఇంట్లో కింది ఫ్లాటులో దిగాం. మా ఆయనకు ఆఫీసు ఉంది, నాకు కిటికీ ఉంది. కాకినాడ నుంచి వచ్చేటప్పుడు మా అత్తగారు సూట్‌కేసు అడుగున ఎండు నెత్తళ్ళ పొట్లం కుక్కి పంపారు. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. ఆ పొట్లం వంక చూస్తే నోట్లో నీళ్ళూరేవి, కానీ వేయించాలంటే భయం. వాసనకు ఓనరు ఖాళీ చెయ్యమంటే ఈ చలిలో ఎక్కడికి పోతాం?

ఒక ఆదివారం పొద్దున్నే గుప్పున ఎండుచేపల వాసన వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళకు లేని వాసనలు కూడా వస్తాయంటారు కదా, అదే అనుకున్నాను. తీరా చూస్తే అది పైనుంచి వస్తోంది. చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కి తలుపు కొట్టాను. పొట్టిగా, గుండ్రటి మొహంతో ఒకావిడ, నర్సు యూనిఫాం మీదే స్వెటర్ వేసుకుని, చేతిలో అట్లకాడతో తలుపు తీసింది. కంప్లైంటు చేయడానికి వచ్చాననుకుని సారీ చెప్పబోయింది. నేను నా పొట్ట చూపించి, తర్వాత ఆవిడ పొయ్యి చూపించాను. ఆవిడ లోపలికి రమ్మంది. కంచంలో అన్నం పెట్టి, పక్కన నాలుగు చేపలు వేసి, స్పూను ఇవ్వబోయి ఆగి, చేతులు కడుక్కోవడానికి సింకు చూపించింది. ఇద్దరం చేత్తోనే తిన్నాం.

సింకు చూపించింది అన్నానే, అదీ వేలితో కాదు, మూతితో. పెదవులు ముందుకు చాపి "అదుగో" అన్నట్టు అటు తిప్పేది. ఉప్పెక్కడుంది, బస్సు ఎటు నుంచి వస్తుంది, అన్నింటికీ మూతే. వాళ్ళ ఊళ్ళో అందరూ అంతేనట. మా అమ్మాయి "ఆంటీ, ఆంటీ" అంటూ ఆవిడ ఒళ్ళో పెరిగి ఆ విద్య పూర్తిగా నేర్చింది. పిల్లను చూడ్డానికి వచ్చిన మా అత్తగారు "నాన్న ఏడే?" అని అడిగితే అది మూతి తిప్పి వంటింటి వైపు చూపించింది. అత్తగారు మొహం చిన్నబుచ్చుకున్నారు. "ఇదేంటే, నన్ను ఎక్కిరిస్తంది? ఎవరు నేర్పేరే దీనికి?" అన్నారు. నేర్పిన మనిషి అప్పుడు మా సోఫాలోనే కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

ఆ ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవలేదు. అయినా రోజూ మధ్యాహ్నం ఒకరికొకరు ఏవో చెప్పుకునేవారు. మా అత్తగారు తెలుగులో, ఆవిడ వాళ్ళ భాషలో. కనపడగానే "తిన్నావా?" అని అడగడం అక్కడా ఉందట. అది వాళ్ళ భాషలో వినగానే మా అత్తగారు "తిన్నానమ్మా" అనేవారు, ఎలా తెలిసేదో. కాకినాడ వెళ్ళాక ఫోనులో నా గురించి కంటే ముందు ఆవిడ గురించి అడిగేవారు.

నన్ను "ఇందాయ్" అని పిలిచేది అక్క. వాళ్ళ వైపు చెల్లెళ్ళనీ కూతుళ్ళనీ అలా పిలుస్తారట. చేపలు వేయించేటప్పుడు నేను కిటికీలు మూస్తే కోప్పడేది. "మూస్తే తప్పు చేసినట్టుంటుంది ఇందాయ్. అన్నీ తెరిచేసి వేయించు. వాళ్ళు అలవాటు పడతారు." అలవాటు పడ్డారో లేదో తెలియదు కానీ పక్కింటి ముసలాయన ఒకసారి చేపలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

నెలకో ఆదివారం ఆవిడకు సెలవు పడేది. ఆ రోజు ఇంట్లో ఉండటం ఆవిడ లెక్కలో పాపం. శనివారం రాత్రికే వెనిగర్, వెల్లుల్లి వేసి చికెన్ ఉడికించేది. తెల్లవారగానే ఇంత గిన్నెడు అన్నం వండి, గిన్నెను తువ్వాలులో చుట్టి, మా కారు డిక్కీలో పెట్టి, వచ్చి ముందు సీట్లో కూర్చునేది. మమ్మల్ని వస్తారా అని అడిగిందే లేదు. మొదట్లో మా ఆయన "మనకేం ప్రోగ్రాములున్నాయో కనుక్కోదేంటి ఈవిడ?" అని గొణిగారు. ఆవిడతో అంటే, "మా ఊళ్ళో ఆదివారం వెళ్దామా అని ఎవరూ అడగరు. నువ్వేం తెస్తున్నావు అనే అడుగుతారు" అంది. ఆ తర్వాత నుంచి ఆయన దోసకాయ ముక్కలు కోసుకుని తయారయ్యేవారు.

మొదటిసారి వెస్టన్ బీచికి వెళ్ళాం. అక్కడ ఆటుపోట్ల సంగతి మాకు తెలియదు. తీరా వెళ్తే సముద్రం లేదు. కనుచూపు మేర బురద, దాని అవతల ఎక్కడో గీత గీసినట్టు నీళ్ళు. దాటి వెళ్ళవద్దని బోర్డు పెట్టారు. మా ఆయన ఉసూరుమన్నారు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని ఆ బురదను పై నుంచి కింది దాకా చూసి, "డ్యూటీ దిగి వెళ్ళిపోయింది. తిందాం. షిఫ్టుకు వస్తుంది" అంది. చలిగాలిలో దుప్పటి పరిచి, కోట్లు వేసుకునే, బురద వైపు మొహం పెట్టి అన్నాలు తిన్నాం. ఆ వెనిగర్ చికెన్ అంత రుచిగా మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

ఆ అన్నాల దగ్గరే వాళ్ళ ఊరి కబుర్లన్నీ విన్నాను. సాయంత్రమయితే ఊరంతా సముద్రం ఒడ్డునున్న గోడ మీదకు చేరుతుందట. పిల్లలు, తాతలు, అప్పుడే ఆఫీసు వదిలినవాళ్ళు, అందరూ. గోడ పక్కన చిన్న పొయ్యిలు పెట్టుకుని ఆడవాళ్ళు చేపపిండి పుల్లలకు గుచ్చి వేయిస్తుంటారట. వాటిని తీపికారం నీళ్ళలో ముంచుకుని తింటూ, ఎదురుగా దీవులకు వెళ్ళే ఓడల్ని చూస్తూ కూర్చోవడమే పని. ఆదివారం చర్చి అవగానే ఇంటిల్లిపాదీ ఒకే బండిలో ఇరుక్కుని బీచికి పోతారు. తాటాకు పందిరి ఒకటి అద్దెకు తీసుకుంటారు. వేసుకున్న బట్టలతోనే నీళ్ళలో దిగుతారు. అన్నం గిన్నెకు కాపలా నాయనమ్మ. "నీళ్ళలోకి రావే నాయనమ్మా అంటే వచ్చేది కాదు. నేనూ దిగితే గిన్నె ఎవరు చూస్తారో అని బెంగ ఆవిడకు" అని చెప్పింది.

మా కాకినాడలోనూ సముద్రం ఉంది. చుట్టాలొస్తే చూపించడానికి తీసుకెళ్ళేవాళ్ళం, అంతే. వారం వారం వెళ్ళి దాని పక్కన కూర్చుని తినాలన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆ సుఖం నాకు ఫిలిప్పీన్స్ మనిషి ఇంగ్లండులో నేర్పింది.

మా ఆయనకు వాట్‌ఫర్డ్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు అక్క ఏడవలేదు. సామాన్లు ఎక్కిస్తుంటే మెట్ల మీద కూర్చుని పిల్లకు అన్నం పెట్టింది. వ్యాను బయల్దేరేముందు ఒక మాట అంది. "నీ ఇంటికి ఒక వారాంతం వస్తాను ఇందాయ్. రెండు రాత్రులు పడుకుంటాను. వండను. గిన్నెలు కడగను. నువ్వు తీసుకెళ్ళిన చోటికి వస్తాను, నువ్వు పెట్టింది తింటాను. జీవితంలో ఒక్కసారి నేను నాయనమ్మలా కాకుండా నీళ్ళలో దిగే పిల్లలా ఉండాలి." తప్పకుండా వస్తానని ఒట్టు వేయించుకున్నాను.

రాలేకపోయింది. ఆవిడకు సెలవు దొరికితే మేము ఇండియాలో ఉండేవాళ్ళం. మేము ఖాళీగా ఉంటే వార్డులో ఎవరికో ఫ్లూ వచ్చి ఆవిడ డ్యూటీ ఎక్కేది. ఒకసారి రైలు టికెట్టు కూడా కొన్నాక మా పిల్లకు ఆటలమ్మ పోసింది. "మీ వార్డులో పేషెంట్లకు అంటిస్తావు, రావద్దు" అని నేనే చెప్పాను. కోవెంట్రీ వెళ్ళినప్పుడల్లా మేమే ఆవిడ దగ్గర తిని వచ్చేవాళ్ళం, మళ్ళీ మోకాళ్ళ నొప్పులతో ఆవిడ వండిందే. ఎవరి తప్పూ లేదు. ఎవరి మీదైనా నెపం పెట్టగలిగితే ఇంత బాధ ఉండేది కాదేమో.

కోవెంట్రీలో చర్చి వెనక హాల్లో ఆవిడను ఉంచింది సరిగ్గా ఆ శనివారమే. మా ఇంట్లో దిగి కాఫీ తాగాల్సిన మనిషి అక్కడ పూల మధ్య పడుకుని ఉంది. చుట్టూ బల్లల నిండా నూడుల్స్, మాంసం, అన్నం. వాళ్ళవాళ్ళు ఆవిడ కబుర్లు చెప్పుకుని నవ్వుతున్నారు, ఆ వెంటనే ఏడుస్తున్నారు. పదేళ్ళ మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "వై ఆర్ దే లాఫింగ్?" అని అడిగింది. నాకూ మొదట మింగుడు పడలేదు. ఎవరో వెస్టన్ బురద సంగతి ఎత్తేసరికి నేనూ నవ్వాను, ఆపుకోలేక ఏడ్చాను. మంగళవారం ఫ్లైటులో ఆవిడను దుమగెతె తీసుకెళ్తున్నామని మేనకోడలు చెప్పింది.

బయల్దేరేటప్పుడు ఆ పిల్ల కారు దాకా వచ్చింది. "నేరుగా ఇంటికి వెళ్ళకండి" అంది. "ఎక్కడైనా ఆగి కాఫీ తాగండి, ఏదైనా షాపులో కాసేపు తిరగండి. ఇలాంటి చోటి నుంచి తిన్నగా ఇంటికి వెళ్తే పోయినవాళ్ళు వెంట వచ్చేస్తారంటారు మా వాళ్ళు. మధ్యలో ఆగితే అక్కడే ఉండిపోతారు."

ఆ పిల్ల వెళ్ళిందో లేదో కాకినాడ నుంచి మా అత్తగారి ఫోను. మా ఆయన స్పీకరు పెట్టారు. "ఒరేయ్, దారిలో ఎక్కడా ఆగకండ్రా. ఎవరింటికీ ఎల్లకండి. తిన్నగా ఇంటికెళ్ళి, తల మీంచి నీళ్ళోసుకుని అప్పుడు ఏదైనా ముట్టుకోండి." అంతవరకూ గట్టిగానే చెప్పారు. "బంగారం లాంటి పిల్లరా..." అని ఫోను పెట్టేశారు.

మా ఆయన నా వైపు చూశారు. మోటార్‌వే పక్కన సర్వీసెస్ బోర్డు కనిపిస్తే ఆగి కాఫీ తాగకుండా వెళ్ళలేని మనిషి. "ఆ అమ్మాయేమో ఆగమంటుంది, అమ్మేమో ఆగొద్దంటుంది. ఏం చేద్దాం?"

"తిన్నగా ఇంటికి పోనివ్వండి" అన్నాను.

"అమ్మ మాట నువ్వు వింటున్నావా!" అన్నారు ఆయన.

"మంగళవారం దాకా ఆవిడకు ఫ్లైటు లేదండీ. ఈ రెండు రోజులూ ఖాళీయే కదా."

సర్వీసెస్ బోర్డులు వచ్చాయి, వెళ్ళాయి, బండి ఆగలేదు. వెనక సీట్లో మా అమ్మాయి అన్నీ విన్నట్టుంది. కాసేపటికి తిరిగి చూస్తే పక్క సీట్లో పడేసిన తన కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.

ఇంటి ముందు కారు ఆగేసరికి చీకటి పడింది. ఆయన తాళం తీయడానికి వెళ్ళారు. పిల్ల తన వైపు నుంచి దిగింది. నేను దిగి, అవతలి వైపు వెనక తలుపు తెరిచాను. ఎందుకు తెరిచానో ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని. ఖాళీ సీటు చూసి సిగ్గేసి తలుపు వెయ్యబోతుంటే మా అమ్మాయి చుట్టూ తిరిగి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"గివ్ హర్ ఎ మినిట్, అమ్మా. ఆంటీకి మోకాళ్ళ నొప్పులు కదా."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.